ఒరలోని ఉక్కు

ఎచ్చెర్ల జాతీయ రహదారిని ఆనుకుని ఉన్న ఊరు. చెన్నై, కోల్‌కతాల మధ్య తిరిగే లారీలు రాత్రింబవళ్లు మా మండలం మీదుగానే సాగిపోతుంటాయి. అటువంటి లారీల నుంచి ఊడదీసిన పాత కమాను పట్టీలే పల్లె కమ్మరులకు ముడిసరుకు. పట్టీని కొలిమిలో ఎర్రగా కాల్చి, దాకలిపై సాగగొట్టి, కొడవలిగానో కత్తిగానో మలుస్తారు. కోతల ముందు సంతకు వచ్చిన అనుభవజ్ఞుడైన రైతు కొడవలిని ఎంచుకునే తీరు గమనించదగినది. పిడి సంగతి అతనికి తరువాత. ముందు రేకును గోటితో మీటి చెవికి దగ్గరగా పెట్టుకుంటాడు. మోత నిలిస్తే బేరం మొదలవుతుంది, చప్పబడితే అక్కడే వదిలేస్తాడు. ఉక్కు మంచిచెడ్డలను నిర్ణయించే ఈ విద్యకు వెయ్యేళ్లకు పైబడిన చరిత్ర ఉన్నది. ఆ చరిత్రకు ఒక కొస యెమెన్‌లో ఉంటే, మరొక కొస మన తెలుగు నేలపై ఉన్నది.

మదరసాలో అరబీ సాహిత్యం చదివే ప్రతి విద్యార్థికీ ‘ముహన్నద్’ అనే పదం ఎదురవుతుంది. హజ్రత్ కఅబ్ బిన్ జుహైర్ (రజి) దైవప్రవక్త (స) సన్నిధిలో వినిపించిన ప్రఖ్యాత ఖసీదాలోనూ అది ఉన్నది. నిఘంటువు తెరిస్తే ‘హింద్ దేశపు ఉక్కుతో చేసిన ఖడ్గం’ అనే అర్థం కనిపిస్తుంది. అరబ్బు కవి మేలైన కత్తిని తలచుకున్నప్పుడు ఆయన నోట మన దేశం పేరు పలికిందన్నమాట. ఏళ్ల తరబడి ఈ పదాన్ని బోధిస్తున్న నాకు, హింద్‌లో ఎక్కడ, ఎవరి చేతులలో ఆ ఉక్కు పుట్టిందన్న ప్రశ్న మనసులో మెదులుతూనే ఉండేది. ఆ ప్రశ్న వెంట చేసిన రెండు ప్రయాణాల విశేషాలను పాఠకుల ముందుంచుతున్నాను. మొదటిది హైదరాబాద్‌లోని బార్కస్‌కు, రెండవది నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రానికి.

బార్కస్‌లో జంబియా

హైదరాబాద్ దక్షిణ భాగంలో, చాంద్రాయణగుట్టకు చేరువలో ఉన్నది బార్కస్. సైనికుల నివాసాలను తెలిపే ‘బ్యారక్స్’ అనే మాటే జనం నోట నలిగి బార్కస్ అయింది. యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చి నిజాం కొలువులో సైనికులుగా చేరిన అరబ్బుల సంతతి వారు ఇక్కడ నివసిస్తున్నారు. నగరవాసులు వారిని ‘చావుష్’లంటారు. 1948లో హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో విలీనమైన తరువాత ఆ సైనిక కొలువులు ముగిశాయి. పిల్లలు ఉర్దూ మాట్లాడుతూ, తెలుగు నేర్చుకుంటూ ఇక్కడి వారైపోయారు. అయినా కొన్ని ఇళ్లలో తాతల నాటి జంబియా భద్రంగా ఉన్నది. పెళ్లినాడు వరుని నడుముకో, పెద్దల నడుముకో అది అలంకారంగా దర్శనమిస్తుంది.

ఒక నికాహ్ విందులో పరిచయమైన వృద్ధుడు మరునాడు తన ఇంటికి ఆహ్వానించి, పెట్టె అడుగు నుంచి తమ జంబియాను తీసి చూపించారు. యెమెన్‌లో దీనిని ‘జన్బియా’ అంటారు. ‘జన్బ్’ అంటే పక్క. పక్కన ధరించేది గనుక ఆ పేరు. ఒర నుంచి తీసినప్పుడు దాని రూపం స్పష్టమైంది. వెడల్పైన అలుగు, రెండు అంచులా పదును, కొసకు వచ్చేసరికి వంపు. రెండు ముఖాల మీదా నడుమ ఎత్తుగా నిలిచిన వెన్ను ఒకటి పిడి నుంచి కొస దాకా సాగుతుంది. రేకు ఎంత పలుచనైనా వంగిపోకుండా కాపాడేది ఆ వెన్నే.

“మౌలానా, కత్తిని చూడాలంటే ముందు దాని వెన్ను చూడాలి” అన్నారు ఆ పెద్దాయన. అలుగును కంటి ఎత్తున పట్టి వెలుతురు వైపు తిప్పారు. వెన్ను ఎక్కడా తెగకుండా ఒకే గీతగా నడవాలి. ఒక ముఖం మీది వెన్నుకు సరిగ్గా వెనుకనే రెండవ ముఖం మీది వెన్ను ఉండాలి. అది పక్కకు జరిగితే సుత్తి అక్కడ తడబడిందని అర్థం. తరువాత గోటితో మీటారు. లోపల పగులుంటే మోత నిలవదట. ఆ పిమ్మట అంచుకు అడ్డంగా బొటనవేలిని తేలికగా ఆనించి, పదును అంతటా ఒకే తీరుగా ఉన్నదో లేదో చూడమన్నారు. చివరకు కొసను చూపుతూ, “వంపు దగ్గర ఉక్కు మిగిలిన చోట్ల కన్న పలుచబడి ఉంటే ఆ కత్తి అక్కడే విరుగుతుంది” అన్నారు. కాసేపాగి, “ఈ నాలుగూ చూసి కొనేవాడు నూటికి ఒక్కడు. తక్కినవారు పిడి చూసి కొంటారు” అని నవ్వారు.

పిడికి పెట్టిన వెల

ఆ మాట యెమెన్ బజారులకు మరింతగా వర్తిస్తుంది. సనా పాత నగరంలోని సూఖుల్లో జన్బియాలకు ప్రత్యేకమైన వీధి ఉన్నది. నిటారుగా ఉండి కింది కొస కొక్కెంలా వంగిన ఒరను ‘అసీబ్’ అంటారు. తెగల వారు దానిని నడుముకు ముందు భాగంలో ధరిస్తారు. సయ్యద్‌లు, ఖాజీల కుటుంబాలవారు ధరించే కత్తికి, ఒరకు వేరే తీరు ఉండేది. దానిని కుడి పక్కన పెట్టుకునేవారు. అంటే మనిషిని చూడగానే అతని వంశం, హోదా నడుము దగ్గరే తెలిసిపోయేవి. ఈ ఆచారం ఎంత పాతదో చెప్పడానికి మారిబ్‌లో బయటపడిన మఅదీకరిబ్ కంచు విగ్రహమే సాక్ష్యం. క్రీస్తుకు పూర్వపు ఆ విగ్రహం నడుముకూ బాకు ఉన్నది.

హోదా చాటే వస్తువు కావడం వల్ల జన్బియా ధరలో పెద్ద భాగం పిడికే పోయింది. అన్నింటిలో ఖరీదైనది ఖడ్గమృగం కొమ్ముతో చేసిన పిడి. వాడుక పెరిగే కొద్దీ అది నిగ్గుతేలి, వెలుతురుకు ఎదురుగా పట్టినప్పుడు తేనె రంగులో మెరుస్తుంది. ఆ మెరుపును ‘సైఫానీ’ అని మెచ్చుకుంటారు. 1970లలో ఉత్తర యెమెన్ నుంచి లక్షలాది మంది సౌదీ అరేబియాకు పనికి వెళ్లి డబ్బు సంపాదించారు. అంతకుముందు కొద్దిమందికే అందిన పిడి కోసం ఇప్పుడు అనేకులు పోటీపడ్డారు. ఆ గిరాకీ కోసం ఆఫ్రికాలో ఖడ్గమృగాలు నేలకూలాయి. 1982లో ప్రభుత్వం కొమ్ముల దిగుమతిని నిషేధించింది. 1992లో యెమెన్ గ్రాండ్ ముఫ్తీ, పిడి కోసం ఆ జంతువును వధించడం దైవాభీష్టానికి విరుద్ధమని ఫత్వా ఇచ్చారు. 1997లో అంతరించిపోతున్న జీవుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందంలో యెమెన్ చేరింది.

ఖడ్గమృగం కొమ్ముకు బదులుగా పిడులకు ఎక్కువగా వచ్చిన సరుకు గేదె కొమ్ము. అందులోనూ భారతదేశం నుంచి దిగుమతి అయినదే ముఖ్యం. మా జిల్లా సరిహద్దు దాటగానే ఉన్న పర్లాకిమిడిలో కొమ్ముతో బొమ్మలు, దువ్వెనలు చేసే నిపుణులున్నారు. వేడిచేసి, వంచి, నున్నగా రుద్దితే కొమ్ము ఎంత అందంగా మెరుస్తుందో అక్కడికి వెళ్లినవారికి తెలుసు. అందానికి ఒక ప్రాణి జాతినే తుడిచిపెట్టనవసరం లేదని ఆ పని చూస్తే అర్థమవుతుంది. ఏమైనా పిడి మీది మోజు అలుగును మరుగున పడేసింది. కోయవలసింది అలుగు, వెల పలికింది పిడి.

అల్ కిందీ చెప్పిన కొలమానం

పూర్వపు పండితులు కత్తిని ఇలా చూడలేదు. 9వ శతాబ్దానికి చెందిన తత్త్వవేత్త అల్ కిందీ ఖడ్గాలపై ప్రత్యేకంగా ఒక గ్రంథం రచించారు. ఆయన పరిశీలన అలంకారంతో ప్రారంభం కాదు, ఇనుముతో ప్రారంభమవుతుంది. గని నుంచి నేరుగా వచ్చే ఇనుములో గట్టిదానిని ‘షాబుర్ఖాన్’ అనీ, మెత్తనిదానిని ‘నర్మాహన్’ అనీ పేర్కొన్నారు. గని నుంచి నేరుగా రాక, మనిషి కరిగించి శుద్ధి చేసి తయారుచేసే దానిని ‘ఫూలాద్’ అన్నారు. మనం ఉక్కు అనేది దీనినే. తరువాత ఖడ్గాలను వర్గీకరిస్తూ శ్రేష్ఠమైన ‘అతీఖ్’ శ్రేణిలో మూడింటిని నిలిపారు. అవి యెమెనీ, ఖలఈ, హిందీ. ఆ విధంగా యెమెన్ ఖడ్గమూ మన హింద్ ఖడ్గమూ ఒకే వరుసలో కూర్చున్నాయి.

మేలైన అలుగును ఆమ్లగుణం గల ద్రవంతో తడిపి తుడిచినప్పుడు, దాని ఒంటి మీద నీటి అలల వంటి, చీమల బారు వంటి సన్నని గీతలు తేలుతాయి. అరబీలో దీనిని ‘ఫిరింద్’ అన్నారు. అది పైన చెక్కిన నగిషీ కాదు. ఉక్కు పుట్టుకలోనే లోపల ఏర్పడిన అల్లిక. కనుక నిపుణుడు ఆ గీతలను చూసి ఇది ఏ నేల ఉక్కు, కమ్మరి దీనిని ఎంత వేడిలో కొట్టాడు అన్నది చదవగలిగేవాడు.

ఈ సందర్భంలో అరబీ సాహిత్య గ్రంథాలలోని ఒక ముచ్చట గుర్తుచేసుకోవాలి. యెమెన్ వీరుడు అమ్ర్ బిన్ మఅదీకరిబ్ ఖడ్గం ‘సమ్సామా’ అరబ్బు దేశమంతటా పేరుపొందింది. హజ్రత్ ఉమర్ (రజి) దానిని తెప్పించుకుని చూస్తే, విన్నంత గొప్పగా తోచలేదట. ఆ సంగతి తెలిసి అమ్ర్, తాను పంపింది ఖడ్గాన్నే గాని దానిని తిప్పే చేతిని కాదని బదులిచ్చాడట. కత్తి వెనుక తిప్పే చెయ్యి ఉన్నట్టే, అంతకు ముందు దానిని చేసిన చెయ్యి కూడా ఉన్నది. ఆ చేతుల జాడ కోసమే నా రెండవ ప్రయాణం.

కోనసముద్రం మూసలు

శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో రైలెక్కి సికింద్రాబాద్, అక్కడి నుంచి నిజామాబాద్ మీదుగా ఆర్మూరు చేరుకున్నాను. ఆర్మూరు నుంచి మెట్‌పల్లి వైపు సాగే రహదారిలో కమ్మర్‌పల్లి వస్తుంది. ఆ మండలంలోని గ్రామమే కోనసముద్రం. పొలాలు, చెరువు, బడి ఉన్న మామూలు పల్లె. ఒకప్పుడు ఇస్ఫహాన్ వర్తకులు వెదుక్కుంటూ వచ్చిన ఊరు ఇదేనంటే బయటివారు నమ్మరు. అయితే కాలి కింద చూసుకుంటూ నడిస్తే నల్లని ఇనుప చిట్టెం, కాలి గాజులా మెరిసే మూసల పెంకులు కనిపిస్తాయి.

దక్షిణ భారతంలోనూ, సింహళంలోనూ మూసలో ఉక్కు చేసిన తావులు అనేకం ఉన్నాయి. తెలంగాణ ఉక్కుకు 17వ శతాబ్దం నాటికే దూరదేశాల్లో పేరున్నది. నగిషీ తేలే కత్తులకు పనికివచ్చే ఉక్కు గోల్కొండ రాజ్యం నుంచి పారసీక దేశానికి వస్తుందని ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియే రాశాడు. చిన్న రొట్టె పరిమాణంలో ఉండే ఆ ఉక్కు బిళ్లను కొనేముందు మోసమేమైనా ఉన్నదేమోనని రెండుగా కోసి చూసేవారనీ, ఒక్కొక్క సగంతో ఒక్కొక్క కత్తి తయారయ్యేదనీ ఆయన వివరించాడు. పిడి చూసి మురిసే కొనుగోలుదారుకూ, బిళ్లను కోసి లోపల చూసే కొనుగోలుదారుకూ ఉన్న భేదం ఇక్కడ తెలుస్తుంది.

కోనసముద్రంలో ఉక్కు ఎలా చేసేవారో 1820ల నాటి పరిశీలకుడు హెన్రీ వాయిసీ రాసిపెట్టాడు. ఆయన మరణానంతరం 1832లో ఆ రచన కలకత్తాలో అచ్చయింది. అందులో చెప్పిన పనితీరు స్థూలంగా ఇది. మొదట నల్లని అయస్కాంత ఇసుక వంటి ఖనిజాన్ని బొగ్గుతో కాల్చి మెత్తని ఇనుము తీస్తారు. వేర్వేరు తావుల నుంచి వచ్చిన రెండు రకాల ఇనుములను మూడు పాళ్లకు రెండు పాళ్లుగా తూచి మూసలో ఉంచి, మూత మూసి మట్టితో గట్టిగా మెత్తుతారు. మూసలను కొలిమిలో పేర్చి, సుమారు 24 గంటలపాటు తిత్తులు ఆపకుండా ఊదుతారు. ఇనుము కరిగి, బొగ్గులోని సారాన్ని తనలో కలుపుకుని ఉక్కుగా మారుతుంది. తరువాత మూసను తొందరపడి బయటకు లాగరు. కొలిమిలోనే మెల్లమెల్లగా చల్లారనిస్తారు. ఆ నిదానమే లోపలి అల్లికకు ఆధారం. మూస పగలగొడితే ఉక్కు బిళ్ల వస్తుంది. అది అప్పటికి పెళుసు. సుత్తి దెబ్బకు చిట్లుతుంది. అందుచేత దానికి మట్టి పూసి, గంటల తరబడి మళ్లీ మళ్లీ వేడిచేసి చల్లార్చి, దెబ్బకు ఓర్చుకునే స్థితికి తెస్తారు.

ఆ సమయంలో ఇస్ఫహాన్ నుంచి వచ్చిన హాజీ హుసైన్ అనే వర్తకుడు అక్కడ ఉన్నారు. పాళ్లు తూచే వేళా, ఉక్కును మళ్లీ కాచే వేళా ఆయన దగ్గరుండి చూసుకునేవారు. తన దేశంలో కత్తి కొట్టే కమ్మరి పేరు నిలబడాలన్నా పోవాలన్నా ఈ మారుమూల పల్లెలోని కొలిమే కారణమని ఆ వర్తకునికి తెలుసు.

కమ్మరి చేతిలోకి వచ్చాక

మూస ఉక్కులో బొగ్గుసారం నూటికి దాదాపు ఒకటిన్నర పాలు. మన ఇళ్లకు వాడే మామూలు ఇనుప కడ్డీలలో ఉండే దానికి ఇది ఎన్నో రెట్లు ఎక్కువ. ఇంత గట్టి ఉక్కును తెల్లగా కాగేటంత వేడిలో కొడితే ముక్కలవుతుంది. లోపలి అల్లిక కూడా చెదిరిపోతుంది. ఎర్రని వేడి దాటకుండా, ఓపికగా, చిన్న చిన్న దెబ్బలతో సాగదీయాలి. ఆ ఎరుపులో చీకటి ఎరుపు, దానిమ్మ ఎరుపు, నారింజ ఎరుపు అనే తేడాలను కంటితోనే పట్టుకోవాలి. వేడిని కొలిచే యంత్రాలు లేని రోజుల్లో కొలిమి చుట్టూ చీకటిగా ఉంచుకోవడం ఇందుకే. చివరకు నీళ్లు పట్టడం, అంటే పాయనం. ఎక్కువైతే అంచు పెళుసవుతుంది, తక్కువైతే పదును నిలవదు.

ఈ విద్య ఐరోపాను ఎంతగానో ఆశ్చర్యపరచింది. 1795లో ఇంగ్లండులో అచ్చయిన ఒక పరిశోధన పత్రంలో దీనిని ‘వూట్జ్’ అన్నారు. మన ‘ఉక్కు’ అనే మాటే ఆ రూపం పొందిందని పండితులు భావిస్తారు. కమ్మరి కుమారుడైన మైకేల్ ఫారడే విద్యుత్తుపై ప్రఖ్యాత పరిశోధనలకు ముందు ఈ ఉక్కు రహస్యం కోసం శ్రమించాడు. ఖనిజంలో అతి స్వల్పంగా ఉండే వెనేడియం వంటి మూలకాలు కూడా ఆ అలల గీతలకు కారణమని 20వ శతాబ్దం చివరలో అమెరికా శాస్త్రవేత్త వెర్‌హోవెన్, కమ్మరి పెండ్రే కలిసి చేసిన ప్రయోగాలు చూపాయి. అంటే కత్తి గుణంలో కొంత కమ్మరి చేతిది, కొంత ఆ నేలది.

యంత్రాలతో చౌకగా తయారైన ఐరోపా ఉక్కు 19వ శతాబ్దంలో బజారును ముంచెత్తింది. కొలిమికి కావలసిన అడవి బొగ్గు ప్రియమైంది. ఒక్కొక్కటిగా కొలుములు ఆరిపోయాయి. 2010లో ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ కలిసి ఉత్తర తెలంగాణలో సర్వే జరిపి, ఇనుము, ఉక్కు చేసిన వందలాది స్థలాలను నమోదు చేశాయి. అటు తూర్పున, మాకు చేరువలోని విశాఖలో ఉక్కు కర్మాగారం కోసం 1966లో ఆంధ్రులు ఉద్యమించి 32 మంది ప్రాణాలు అర్పించారు. తెలుగువారికి ఉక్కుతో ఉన్న బంధం ఇంత పాతదనీ, ఇంత లోతైనదనీ మన పిల్లలకు చెప్పవలసిన బాధ్యత మనదే.

మరుగున పడిన చేతులు

దివ్యఖుర్ఆన్‌లోని ‘సబా’ సూరాకు యెమెన్‌లోని ప్రాచీన జాతి పేరే పెట్టబడింది. అదే సూరాలో హజ్రత్ దావూద్ (అ) కోసం అల్లాహ్ ఇనుమును మెత్తబరిచిన ప్రస్తావన ఉన్నది. ఆయనకు ఆదేశించిన పని కవచాలు చేయడం, వాటి కడియాలను సరైన కొలతలో అల్లడం. ఇనుముతో చేయమని చెప్పబడిన వస్తువు ప్రాణం కాపాడేది. అందులోనూ కొలత తప్పకూడదన్న హెచ్చరిక. ఒక ప్రవక్తకే కమ్మరి పని ఇవ్వబడిందంటే ఆ పని ఎంత గౌరవప్రదమైనదో ఆలోచించండి. ఒర తీసిన కత్తిని ఒకరి చేతి నుంచి మరొకరికి అందించరాదని దైవప్రవక్త (స) వారించారు. బజారులో, మస్జిదులో బాణాలతో నడిచేవారు వాటి మొనలను పట్టుకుని నడవాలన్నారు. పదును ఎంత మేలైనదైతే దానికి ఒర అంత అవసరం. బార్కస్ పెద్దాయన జంబియాను చూపించిన తరువాత ఒరలో పెట్టి, అప్పుడే నా చేతికిచ్చారు. ఆ మర్యాద ఆయనకు తాత నుంచి వచ్చింది.

కోనసముద్రం గురించిన ఆ రచన వల్ల వర్తకుడైన హాజీ హుసైన్ పేరు మనకు తెలిసింది. 24 గంటలు తిత్తి ఊది, మూస దింపిన కమ్మరుల పేర్లు చరిత్రకెక్కలేదు. ‘ముహన్నద్’ అనే మాటలో దేశం పేరున్నది, మనిషి పేరు లేదు. పని చేసేవాడు దానిని నిండుగా, చక్కగా చేయడం అల్లాహ్‌కు ప్రీతికరమని హదీసు బోధిస్తున్నది. పేరు రాదని తెలిసీ మూసలో పాళ్లు తప్పకుండా తూచిన ఆ చేతులు ఈ బోధకు నిదర్శనంగా తోస్తాయి.

కోనసముద్రంలో నేను ఒక మూస పెంకును చేతిలోకి తీసుకుని చూశాను. విరిగిన అంచున సన్నని నల్లని గుర్తులు బారులుగా ఉన్నాయి. మూసమట్టి పగలకుండా ఉండేందుకు అందులో వరిపొట్టు కలిపేవారు. కాలి బొగ్గైన ఆ పొట్టు గుర్తులే అవి. మంటకు గోడ నిలబడింది ఆ పొట్టు బలంతోనే. అన్నం తిన్న తరువాత మిగిలిన పొట్టును కూడా వృథా చేయక ఇస్ఫహాన్ దాకా పేరు తెచ్చే ఉక్కుకు ఆధారం చేసుకున్నవారు ఈ నేల మీద జీవించారు. పెంకును ఎక్కడ తీశానో అక్కడే ఉంచి వచ్చాను.